పాత చెయ్యి, కొత్త ఇంజను: కారు రిపేర్లలో ఖరీదైన తప్పుల సమీక్ష

2024 నవంబర్ 30 రాత్రి పుదుచ్చేరి దగ్గర తీరం దాటిన ఫెంగల్ తుపాను, బలహీనపడుతూనే లోపలికి వచ్చి తమిళనాడులోని కృష్ణగిరి జిల్లాను ముంచేసింది. డిసెంబర్ 2 ఉదయానికి ముగిసిన ఇరవై నాలుగు గంటల్లో ఒక్క ఊత్తంగరైలోనే దాదాపు 50 సెంటీమీటర్ల వాన పడింది. చెరువు పొంగి, రోడ్డు పక్కన నిలిపిన కార్లూ వ్యాన్లూ ఆ ప్రవాహంలో కొట్టుకుపోవడం టీవీల్లో అందరూ చూశారు. అక్కడికి కొద్ది దూరంలోనే, జోలార్‌పేట–సేలం రైలు దారి మీద సామల్పట్టి ఉంది. నేను చెప్పబోయే షెడ్లు ఈ వైపువే.

వరద తీశాక షెడ్డుకు చేరిన కారు విషయంలో జరిగే మొదటి తప్పే చాలాసార్లు ఇంజను ప్రాణం తీస్తుంది. "ఒకసారి సెల్ఫ్ కొట్టి చూద్దాం" అంటారు. గాలిని నొక్కితే కుదించుకుంటుంది, నీళ్లు కుదించుకోవు. స్విఫ్ట్, ఇండికా విస్టా వంటి బళ్లలో వచ్చిన 1.3 లీటర్ల మల్టీజెట్ డీజిల్ ఇంజన్నే తీసుకుందాం. ఒక్కో సిలిండరు సుమారు 312 సీసీ. కంప్రెషన్ నిష్పత్తి పదిహేడున్నర చుట్టుపక్కల. లెక్క వేస్తే పిస్టను పూర్తిగా పైకి చేరినప్పుడు మిగిలే జాగా దాదాపు 19 మిల్లీలీటర్లు, అంటే నాలుగు చిన్న చెంచాలు. అంతకు మించి నీళ్లుంటే పిస్టను పైకి రాలేదు. సెల్ఫ్ మోటారు అక్కడే ఆగిపోతే అదృష్టమే. పక్క సిలిండరు ఒక్కసారి అంటుకుందంటే మాత్రం ఆ ఊపుకి కనెక్టింగ్ రాడ్డు వంగుతుంది. కొంచెమే వంగిన రాడ్డుతో బండి నడుస్తుంది కూడా. ఓనరు సంతోషంగా డబ్బిచ్చి వెళ్తాడు. కొన్ని వారాలకు హైవే మీద రాడ్డు విరిగి, బ్లాకును చీల్చుకుని బయటికి వస్తుంది.

చెయ్యాల్సింది కష్టమైన పనేమీ కాదు. బ్యాటరీ టెర్మినల్ తీసి, ఎయిర్ ఫిల్టర్ తడిసిందేమో చూడాలి. తడిస్తే గ్లో ప్లగ్గులో, పెట్రోలు బండైతే స్పార్క్ ప్లగ్గులో విప్పేసి, క్రాంక్ పుల్లీ బోల్టుకు స్పానర్ వేసి చేత్తో తిప్పాలి. లోపలి నీళ్లు ఆ రంధ్రాల్లోంచే చిమ్ముకొస్తాయి. ఆయిలు పాలరంగు తిరిగితే మొత్తం తీసేసి, ఫిల్టరు మార్చి, ఆ తర్వాతే సెల్ఫ్ జోలికి పోవాలి. ఇందులో బీమా మెలిక కూడా ఉంది. మామూలు మోటారు పాలసీ వరద నష్టానికి డబ్బిస్తుంది గానీ, నీళ్లున్న ఇంజన్ను తిప్పడం వల్ల జరిగిన చేటుకు బాధ్యత లేదంటుంది. ఇంజన్ ప్రొటెక్షన్ అనే అదనపు కవరు తీసుకున్నవాళ్లకే ఆ డబ్బు వస్తుంది. ఒక్కసారి తాళం తిప్పితే ఇంజనూ పోతుంది, క్లెయిమూ పోతుంది.

ఇలాంటి తప్పుల గురించి మాట్లాడేటప్పుడు మూడు వాదనలు వినిపిస్తాయి. కంపెనీ సర్వీసు సెంటర్ల వాళ్లు రోడ్డు పక్క షెడ్ల వాళ్లకు చదువు లేదంటారు. షెడ్ల వాళ్లు అసలు తప్పంతా డూప్లికేట్ స్పేర్లదంటారు. కార్లున్నవాళ్లు మెకానిక్కుల ఆశ వల్లే ఇదంతా అంటారు. మూడింట్లోనూ కొంత నిజముంది. అయితే ఇటువైపు షెడ్లలో విప్పిన ఇంజన్లను చూస్తూ, వాటిని సర్వీసు మాన్యువళ్లు చెప్పే పద్ధతితో పోల్చుకుంటూ వచ్చాక నాకు బలంగా అనిపించేది వేరు. ఖరీదైన తప్పుల్లో చాలావరకు ఒకప్పటి మంచి పనులే. గురువు నేర్పినవి, ముప్పై ఏళ్లు పనిచేసినవి. ఇంజను మారింది, చెయ్యి మారలేదు.

ఈ చెయ్యి ఎక్కడ తయారైందో గుర్తుంచుకోవాలి. హోసూరులో అశోక్ లేలాండ్ ఫ్యాక్టరీ 1980లో మొదలైంది. గ్రానైటు మోసే లారీలు, మామిడికాయల లోడ్లు, కృష్ణగిరి నుంచి శూలగిరి మీదుగా హోసూరు ఎక్కే ఎత్తుదారి, ఇవన్నీ ఇక్కడి మెకానిక్కులకు బడి. ఆ లారీ ఇంజన్లు, అంబాసిడర్ ఇంజన్లు బరువైన పోత ఇనుము. కాస్త ఎక్కువ బిగించినా, కాస్త తక్కువ బిగించినా ఓర్చుకునేవి. విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో పని నేర్చుకున్న తరానిదీ ఇదే కథ. చెవితో విని జబ్బు చెప్పగల మనుషులు వాళ్లు. ఆ నైపుణ్యాన్ని తక్కువ చేసి మాట్లాడేవాళ్లతో నేను ఏకీభవించను.

ఇక హెడ్డు బోల్టుల దగ్గరికి వద్దాం. డబ్బు ఎక్కువగా పోయేది ఇక్కడే కాబట్టి వివరంగా చెప్పాలి. బోల్టు బిగించేటప్పుడు మనం పెట్టే బలంలో సుమారు సగం బోల్టు తల కింది రాపిడికే ఖర్చవుతుంది. ఇంకో నలభై శాతం థ్రెడ్డు రాపిడికి పోతుంది. హెడ్డును బ్లాకుకు అదిమి పట్టేది మిగిలిన పదో వంతు మాత్రమే. థ్రెడ్డులో కాస్త మట్టి ఉన్నా, పాత తుప్పు ఉన్నా ఆ పదో వంతు ఇంకా తగ్గుతుంది. మాన్యువల్ వద్దన్నచోట ఆయిలు రాస్తే అదే అమాంతం పెరుగుతుంది. అందుకే ఇప్పటి ఇంజన్లలో చాలావాటికి టార్కుతో పాటు కోణం కూడా ఇస్తారు. ముందు తక్కువ టార్కుతో అన్నింటినీ కూర్చోబెట్టి, తర్వాత 90 డిగ్రీలు, మళ్లీ 90 డిగ్రీలు తిప్పమంటారు. అలా తిప్పినప్పుడు బోల్టు కావాలనే సాగుతుంది, ఆ సాగుడుతోనే పట్టు వస్తుంది. ఒకసారి సాగిన బోల్టు రెండోసారి అదే పట్టు ఇవ్వదు. కొన్ని కంపెనీలు దాన్ని పారేయమంటాయి, కొన్ని పొడవు కొలిచి హద్దులో ఉంటేనే వాడమంటాయి. మన దగ్గర డీజిల్లో కడిగి, బ్రష్షు కొట్టి, "కొత్తవాటిలా ఉన్నాయి" అని మళ్లీ వేస్తారు. రెండు మూడు నెలలకు కూలెంటు తగ్గడం మొదలవుతుంది.

కంటికి కనబడని ప్రమాదం ఇంకొకటుంది. బ్లాకులోని బోల్టు రంధ్రాల అడుగున ఆయిలో నీళ్లో నిలిచిపోతాయి. బోల్టు దిగేకొద్దీ ఆ ద్రవానికి పోయే దారి ఉండదు. రెంచి "టక్" మంటుంది గానీ హెడ్డు బిగుసుకోదు. ఇంకా గట్టిగా లాగితే బ్లాకే పగులుతుంది. గాలి పైపు పెట్టి రంధ్రాలను ఊదడం రెండు నిమిషాల పని. బోల్టులు బిగించేది నడిమి నుంచి అంచులకు, విప్పేది అంచుల నుంచి నడిమికి. విప్పేది కూడా ఇంజను పూర్తిగా చల్లారాకే. వేడి మీద విప్పిన అల్యూమినియం హెడ్డు వంకరపోతుంది.

హెడ్డు సమతలంగా ఉందో లేదో చూడటానికి స్టీలు పట్టీ, ఫీలర్ గేజీ చాలు. చాలా ఇంజన్లకు అనుమతించే వంకర 0.05 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఉంటుంది. పాత పొరల గ్యాస్కెట్టు చిన్న గీతలను తనలో కలుపుకునేది. ఇప్పుడు వచ్చే ఉక్కు రేకుల గ్యాస్కెట్టుకు అద్దంలాంటి ఉపరితలం కావాలి. దాని మీద గ్రీజు, షెల్లాక్, సిలికాన్ రాయడం అంటే లీకుకు దారి చూపించడమే. పాత గ్యాస్కెట్టు అంటుకున్న ముక్కలను తీయడానికి గాలి గన్నుకు ఎమరీ డిస్కు తగిలించి రుద్దే అలవాటు ఇంకా ప్రమాదం. ఆ డిస్కు పొడిలో ఉండేది అల్యూమినియం ఆక్సైడు. అది ఆయిలు దారుల్లో పడితే కొత్త బేరింగులను కొద్ది రోజుల్లోనే అరగదీస్తుంది. అమెరికాలో జనరల్ మోటార్స్ ఈ పని చెయ్యొద్దని తన సర్వీసు సిబ్బందికి ప్రత్యేకంగా బులెటిన్ పంపాల్సి వచ్చింది. అంటే ఇది రోడ్డు పక్క షెడ్డు జబ్బు మాత్రమే కాదు.

సిలికాన్ సంగతి సామల్పట్టి వైపు ఒక షెడ్డులో దగ్గర నుంచి చూశాను. అంతకుముందు ఎక్కడో ఆయిలు సంపు లీకని పని చేయించుకున్న కారు అది. ఆయిలు ప్రెషర్ లైటు వెలుగుతోందని వచ్చింది. సంపు దించగానే అంచు చుట్టూ వేలి మందాన పూసిన సిలికాన్ కనిపించింది. బయటికి వచ్చినంత మేరా లోపలికీ వస్తుంది కదా. లోపలికి వచ్చింది తాళ్లుగా తెగి, ఆయిలు పంపు జాలీకి పెసరగింజలంత ముక్కలై అతుక్కుని ఉంది. మెకానిక్ పటకారుతో ఒక్కొక్కటే లాగి అరచేతిలో పెట్టి చూపించాడు. జాలీ సగానికి పైగా మూసుకుపోయింది. పంపు బాగానే ఉంది, ఆయిలు మంచిదే, పీల్చుకోవడానికి దారే లేదు. అప్పటికే బేరింగులు రాగిరంగు తేలాయి, క్రాంకు మీద గీతలు పడ్డాయి. లీకు ఆపడానికి కావాల్సింది రెండు మూడు మిల్లీమీటర్ల సన్నని గీత, శుభ్రమైన పొడి అంచు, ట్యూబు మీద రాసినంతసేపు ఆరనివ్వడం. ఎక్కువ పూస్తే ఎక్కువ కాలం ఆగుతుందన్న నమ్మకం ఆ ఓనరుకు క్రాంకు ఖరీదుతో ముగిసింది.

వేడెక్కే బండికి థర్మోస్టాట్ వాల్వు పీకేయడం మన షెడ్లలో దాదాపు సంప్రదాయం. ఎత్తుదారిలో పాత బళ్లకు అది ఎంతోకొంత పనిచేసేది. ఇప్పటి ఇంజన్లో ఆ వాల్వు 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకుని ఇంజన్ను ఒక వేడిలో నిలబెడుతుంది. దాన్ని తీసేస్తే ఇంజను చల్లగానే ఉందని కంప్యూటరు అనుకుని ఇంధనం ఎక్కువ పోస్తూనే ఉంటుంది. మండని ఇంధనం సిలిండరు గోడల మీదుగా ఆయిల్లోకి దిగుతుంది. మైలేజీ పడిపోతుంది, బోరు అరుగుతుంది. కొన్ని ఇంజన్లలో ఆ వాల్వే పక్కదారిని కూడా మూస్తుంది. అది లేకపోతే వేడినీళ్లు రేడియేటర్ వైపు పూర్తిగా పోకుండా తిరిగి ఇంజన్లోకే వస్తాయి, బండి ఇంకా వేడెక్కుతుంది. అప్పుడు మెకానిక్ రేడియేటర్ మారుస్తాడు, తర్వాత వాటర్ పంపు, ఆఖరికి హెడ్డు దించుతాడు. మొదట తీసి పారేసిన ఆ చిన్న వాల్వు ఎవరికీ గుర్తుండదు.

నీళ్ల విషయంలో మన ప్రాంతానికి అదనపు జాగ్రత్త కావాలి. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాల భూగర్భ జలాల్లో ఫ్లోరైడు ఎంత ఎక్కువంటే, కావేరి నీళ్లు తెచ్చే హొగెనకల్ తాగునీటి, ఫ్లోరోసిస్ నివారణ పథకం జపాన్ సంస్థ రుణంతో కట్టాల్సి వచ్చింది. అది 2013లో మొదలైంది. మన బోర్లలో చాలావాటి నీళ్లు కఠినం కూడా. ఆ నీళ్లు మరిగిన చోటల్లా తెల్లటి పొర కడతాయి. రేడియేటర్ సన్నని గొట్టాల్లో, హెడ్డులో ఎగ్జాస్టు వాల్వుల చుట్టూ ఆ పొర పేరుకుంటే వేడి బయటికి పోదు. కూలెంటు డబ్బాలో సగం పోసి, మిగతాది షెడ్డు బోరు నీళ్లతో నింపడం ఇక్కడ రోజూ జరిగే పని. డిస్టిల్డ్ నీళ్ల డబ్బా కొనడానికయ్యే ఖర్చు ఎంతో కాదు. కూలెంటు నింపాక గాలి తీయకపోవడం ఇంకో పొరపాటు. ఎయిర్ పట్టిన చోట సెన్సరుకు నీళ్లు తగలవు, మీటరు మామూలుగానే చూపిస్తుంది, లోపల హెడ్డు కాలిపోతూ ఉంటుంది. ఇక వేడి మీద రేడియేటర్ మూత తీసేవాళ్లకు ఒక్క మాట. ఆ మూత ఒత్తిడి వల్ల లోపలి నీళ్లు దాదాపు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. మూత తియ్యగానే ఒక్కసారిగా ఆవిరై మొహం మీదికి వస్తాయి.

పాత చేతి అలవాట్లు మరికొన్ని క్లుప్తంగా. నడుస్తున్న ఇంజనుకు బ్యాటరీ టెర్మినల్ పీకి "డైనమో ఛార్జి అవుతోందా" అని చూడటం డైనమోల కాలంలో చెల్లింది. ఇప్పుడు అలా పీకితే ఆ క్షణంలో వోల్టేజీ ఎన్నో రెట్లు ఎగిరి ఇంజను కంప్యూటరును కాల్చేయగలదు. చవక మల్టీమీటరుతో తేలే పని అది. డీజిల్ బండికి ఇంజెక్టరు పైపు నట్టు వదులు చేసి, సెల్ఫ్ కొట్టి, వేలు అడ్డంపెట్టి డీజిల్ వస్తోందా అని చూడటం పాత పంపులకు సరే. ఇప్పటి కామన్ రైలు డీజిల్ ఇంజన్లలో ఒత్తిడి 1,600 బార్ దాటగలదు. ఆ సన్నని ధార చర్మాన్ని చీల్చి లోపలికి వెళ్తుంది. పైకి చిన్న చుక్కే కనిపిస్తుంది, ఆలస్యమైతే వేలు తీసేయాల్సి వస్తుంది. ఇంజెక్టరు కింది రాగి వాషరును మళ్లీ వాడితే పొగ చిమ్మి, మసి గట్టి తారులా పేరుకుని, ఆ ఇంజెక్టరును మళ్లీ పీకడమే పెద్ద పని అవుతుంది. కొత్త ఇంజెక్టరు వేశాక దాని మీది కోడు కంప్యూటరుకు ఎక్కించాల్సిన బళ్లలో, ఎక్కించకపోతే బండి సరిగ్గా నడవదు. ఆయిలు సంగతి అందరూ చెప్పేదే. 2020 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ బళ్లలో పొగమసిని పట్టే ఫిల్టరుంది. తక్కువ బూడిద మిగిల్చే ఆయిలు అడిగే ఆ బండిలో డ్రమ్ములో ఉన్న 20డబ్ల్యూ-40 పోస్తే ఆ ఫిల్టరు ఖరీదు ఓనరు నెత్తిన పడుతుంది.

ఇంత చెప్పినా, నా లెక్కలో అన్నింటికన్నా ఖరీదైన తప్పు స్పానర్ పట్టకముందే జరుగుతుంది. కొలవకుండా విప్పడం. తెల్లపొగ కనబడగానే హెడ్డు దించుతారు. ఆయిలు తింటోందనగానే ఫుల్ ఇంజన్ పని చెబుతారు. ఆయిలు తినడానికి టర్బో సీలు కారణం కావచ్చు, ఇంజను ఊపిరి గొట్టంలో వాల్వు మూసుకుపోయి ఉండొచ్చు. కంప్రెషన్ గేజీ పెట్టి నాలుగు సిలిండర్లనూ కొలిస్తే, గాలి ఎక్కించి ఎక్కడ లీకవుతోందో వింటే, ఇంజను విప్పాలో వద్దో గంటలో తేలిపోతుంది. స్కానరు వచ్చాక ఈ జబ్బు రూపం మార్చుకుంది. పి0171 అని కోడు వస్తుంది, అంటే ఇంధనం పాలు తగ్గిందని. వెంటనే ఆక్సిజన్ సెన్సరు మార్చేస్తారు. చిట్లిన గాలి పైపు అలాగే ఉంటుంది. కోడు లక్షణం చెబుతుంది, కారణం చెప్పదు.

కొలవకపోవడానికి మెకానిక్ సోమరితనమే కారణం అనలేం. కొలిచినందుకు మనం డబ్బివ్వం. గంట సేపు గేజీలు పెట్టి "హెడ్డు బాగుంది, పైపు మారిస్తే చాలు" అన్న మనిషికి పైపు మార్చిన కూలీ మాత్రమే దక్కుతుంది. హెడ్డు దించిన మనిషికి వేలు దక్కుతాయి. పైగా "సాయంత్రానికి ఇచ్చెయ్యన్నా, పెళ్లికి పోవాలి" అని కూర్చునేది మనమే. కొత్త బోల్టులకు ఖర్చెందుకని వాదించేదీ మనమే.

మనిషి చేతి పొరపాట్ల గురించి బ్రిటిష్ మనస్తత్వ శాస్త్రవేత్త జేమ్స్ రీజన్ ఇచ్చిన ఉదాహరణ ఈ చర్చకు బాగా పనికొస్తుంది. ఒక బోల్టుకు ఎనిమిది వేర్వేరు నట్లు వరుసగా ఎక్కించి ఉన్నాయనుకోండి. విప్పడానికి ఒకటే దారి. తిరిగి ఎక్కించడానికి 40,320 వరుసలు, అందులో సరైనది ఒకటే. రిపేరు తప్పుల్లో ఎక్కువ భాగం బిగించేటప్పుడే జరగడానికి ఇదే మూలం. 1983 మే 5న అమెరికాలో ఈస్టర్న్ ఎయిర్‌లైన్స్ విమానం మయామీ నుంచి 172 మందితో బయల్దేరింది. దారిలో మూడు ఇంజన్లలోనూ ఆయిలు కారిపోయింది. మూడూ ఆగాయి, ఒకటి మళ్లీ అంటుకోవడంతో వెనక్కి వచ్చి దిగగలిగారు. ముందు రాత్రి ఆయిల్లో లోహపు పొడిని పట్టే పరికరాలు మార్చిన మెకానిక్కులు వాటికి ఓ-రింగులు వెయ్యలేదు. ఎందుకంటే ఎప్పుడూ వాళ్ల చేతికి ఓ-రింగులు తొడిగిన పరికరాలే వచ్చేవి. ఆ రాత్రి స్టోరు నుంచి వేరేగా తెచ్చారు. లైసెన్సులున్న, శిక్షణ పొందిన మనుషులు వాళ్లు. అలవాటు ఎంత బలమైందో, పరిస్థితి మారినప్పుడు అదే ఎలా పడేస్తుందో ఇంతకన్నా బాగా చెప్పే కేసు నాకు తెలియదు. అందుకే "షెడ్డు వాళ్లకు చదువు లేదు" అన్న వాదనను నేను ఒప్పుకోను. అక్కడ తనిఖీ కాగితం ఉంది, దర్యాప్తు జరిగింది, పద్ధతి మారింది. మన దగ్గర బ్లాకు పగిలితే గొడవ జరుగుతుంది, పాఠం మిగలదు.

పాఠం మిగలాలంటే పుస్తకం చేతిలో ఉండాలి. ఆ పుస్తకం ఎవరి దగ్గరుందన్నదే అసలు ప్రశ్న. స్పేరు పార్టులు, సాంకేతిక సమాచారం, జబ్బు పట్టే పరికరాలు బయటి మెకానిక్కులకు అందకుండా చేశాయని కాంపిటీషన్ కమిషన్ 2014 ఆగస్టు 25న 14 కార్ల కంపెనీలకు కలిపి సుమారు రూ. 2,544 కోట్ల జరిమానా వేసింది. కంపెనీలు అప్పీళ్లకు వెళ్లాయి. 2022 డిసెంబర్ 24న కేంద్ర వినియోగదారుల శాఖ రిపేరు హక్కు పోర్టల్ తెరిచింది, అందులో వాహనాలూ ఉన్నాయి. కానీ సామల్పట్టి షెడ్డులో ఉన్న కుర్రాడికి ఫలానా ఇంజను హెడ్డు బోల్టు టార్కు ఎంతో కావాలంటే ఇప్పటికీ ఫోనులో ఎవరో పెట్టిన వీడియోనే దిక్కు. ఆ వీడియో ఆ ఇంజనుదే అయితే మంచిదే. ఐటీఐలో మెకానిక్ మోటార్ వెహికల్ కోర్సు రెండేళ్లు, మెకానిక్ డీజిల్ ఒక ఏడాది. అక్కడ టార్కు రెంచి పట్టడం నేర్పుతారు. అంకె నేర్పలేరు, అది ఇంజను ఇంజనుకూ మారుతుంది.

నష్టపోయినవాళ్లకు చట్టం దారి చూపిస్తుంది. 2020 జూలై నుంచి అమల్లో ఉన్న వినియోగదారుల రక్షణ చట్టం కింద రిపేరు కూడా సేవే. లోపముంటే రెండేళ్లలోగా జిల్లా కమిషన్‌కు ఫిర్యాదు చేయొచ్చు. సేవకు చెల్లించిన మొత్తం రూ. 5 లక్షల లోపు అయితే రుసుము లేదు. బిల్లు కావాలి, మార్చిన పార్టుల జాబితా కావాలి, పాత పార్టులు వెనక్కి తీసుకోవాలి. పాత హెడ్డు బోల్టులు మీ చేతికి రాకపోతే అవి ఇంజన్లోనే ఉన్నాయేమో అడగండి.

విదేశాల్లో కొన్ని గ్యాస్కెట్ కంపెనీలు హెడ్డు గ్యాస్కెట్టు పెట్టెలోనే బిగించే వరుస, టార్కు, కోణం ఉన్న కాగితం పెడతాయి. మన మార్కెట్లో అమ్మే ప్రతి పెట్టెలోనూ అది ఉండాలని నియమం పెట్టవచ్చు. తమిళంలో, తెలుగులో, కన్నడంలో ఆ కాగితం అచ్చు వెయ్యడానికి గ్యాస్కెట్టు ఖరీదుతో పోలిస్తే పెద్ద ఖర్చేమీ కాదు. కృష్ణగిరి, హోసూరు ఆటోమొబైల్ సంఘాలు, ఐటీఐలు కలిసి ముందుగా మన రోడ్ల మీద ఎక్కువగా తిరిగే పది ఇంజన్లకు ఆ అంకెలు సేకరించి షెడ్డు గోడకు అంటించే ఒక్క పట్టికగా ఇస్తే, పని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు.